వేసవిలో గట్టెక్కించిన ఫైబర్ పడవకు టార్పాలిన్ కప్పాలా, నీడన వదలాలా?

సోమశిల రేవు (చర్చ మొదలుపెట్టినవారు):
శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నీరు తగ్గి సంగమేశ్వరాలయం బయటపడే నాటికి మా రేవు ముందంతా బురద తేలుతుంది. పడవలను ఆ బురద దాటించి గట్టుకు చేర్చిన తరువాత, మళ్లీ వరద వచ్చేదాకా వాటిని కాపాడుకోవడం ఎట్లా అన్నది ప్రశ్న. కొందరు టార్పాలిన్‌తో బిగించి కట్టాలంటున్నారు, కొందరు కప్పితేనే చెరుపు, బోర్లించి చెట్టు నీడన పెడితే చాలంటున్నారు. అనుభవజ్ఞులు కారణాలతో చెప్పగలరని మనవి.

సాగర్ తీరం:
తప్పకుండా కప్పాలి. గట్టు మీద ఫైబర్ పడవను పాడుచేసేది ఎండే. మెరుపు పూత ఎండకు మాడిపోయిన పడవను అరచేత్తో రుద్ది చూడండి, సున్నం అంటినట్లు తెల్లని పొడి అంటుకుంటుంది. ఆ పొర పోయిన కొద్దీ లోపలి గాజునార పైకి లేచి, వల లాగేటప్పుడు చేతులకు గుచ్చుకుంటుంది. చలిదేశాల వారు శీతాకాలం మొత్తం పడవను ప్లాస్టిక్ పొరతో బిగించి ఉంచుతారు. నలభై డిగ్రీలు దాటే నల్లగొండ ఎండలో మనం అంతకన్నా తక్కువ జాగ్రత్త పడితే ఎట్లా?

పాతరేవు:
చలిదేశాల పద్ధతిని ఇక్కడికి తేవద్దు. వారి భయం మంచు బరువు గురించి. ఇంజిన్‌లో నిలిచిన నీరు గడ్డకట్టి ఉబ్బితే లోహం పగులుతుంది కనుక, ఆ నీటిని పూర్తిగా తీసివేసి మరీ దాచిపెడతారు. మనకు ఆ రెండు భయాలూ లేవు. మనకున్నవి ఎండ, ఈదురుగాలి, అకాల వాన. అడుగున తడి ఆరకముందే బిగించి కప్పితే ఆ తడి ఆవిరై పైకి పోయే దారి లేక లోపలే మగ్గుతుంది, బూజు పడుతుంది, బల్లలకు వేసిన చెక్క మెత్తబడుతుంది. గాలి వీచినప్పుడల్లా టార్పాలిన్ అంచుకు కొట్టుకుని, మీరు కాపాడాలనుకున్న పూతనే గీకేస్తుంది.

వలపోగు:
ఏ పద్ధతి పాటించినా వలలను మాత్రం ఇంటికి తీసుకుపోండి. కప్పిన పడవలో ఎలుకలు కాపురం పెడతాయి.

సాగర్ తీరం:
పాతరేవు గారు చెప్పినది కట్టడం చేతకానప్పుడు జరిగే నష్టం. నడుమ పొడవునా వెదురు దూలం నిలిపి, గుడిసె కప్పులా వాలు వచ్చేటట్లు టార్పాలిన్ పరిస్తే నీరు నిలవదు. ముందూ వెనుకా మూర వెడల్పు సందు వదిలితే గాలి ఆడుతుంది. అంచుకు తాడు ఒరుసుకునే చోట పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుడితే పూతకు దెబ్బ తగలదు.

పాతరేవు:
ట్యూబు రబ్బరు ఆ ఎండకు మెత్తబడి పూతకు అంటుకుంటుంది, నల్లని మరక పడుతుంది. గోనెగుడ్డ చుట్టాలి.

సాగర్ తీరం:
మరక పడితే పడవ మునుగుతుందా? గోనెగుడ్డ ఒక్క వానకు తడిసి కుళ్లుతుంది.

జూరాల పుట్టి:
పుట్టి సంగతి కూడా ఎవరైనా చెప్పండి. మాది వెదురు అల్లిక, పైన తారు పూత. ఎండలో పెడితే తారు కారిపోతుంది, నీడన నేల మీద పెడితే వెదురుకు చెద పడుతుంది. మేము రాళ్ల మీద బోర్లించి, పైన తాటాకు పరుస్తున్నాము.

పాతరేవు:
పుట్టికి అదే సరైన పద్ధతి. ఫైబర్‌కు కూడా పాత టైర్ల మీద బోర్లించి, వేపచెట్టు కింద పెట్టడమే నా సలహా. బోర్లించలేనంత పెద్దదైతే ముందు భాగం ఎత్తులో ఉంచి, అడుగు బిరడా తీసివేయాలి. పడిన వాన పడినట్లే కారిపోతుంది.

సాగర్ తీరం:
చెట్టు నీడ మాట నా ముందు ఎత్తకండి. నా పడవ అట్లాగే చెట్టు కింద ఉండగా, వేసవి గాలివానకు కొమ్మ విరిగిపడి పక్క చీలింది. మరమ్మతుకు సాయం చేయమని సంఘాన్ని అడిగితే, కప్పకుండా వదిలేయడం నీ నిర్లక్ష్యమే అని నలుగురిలో అన్నారు. ఆ రోజు నా తరఫున ఒక్కరూ నోరు విప్పలేదు.

పాతరేవు:
మనది ఒకే గట్టు కనుక దాచకుండా చెబుతాను. మీరు టార్పాలిన్ బిగించి హైదరాబాద్ వెళ్లిపోతారు. వడగళ్ల వాన కురిసిన రాత్రి మీ కప్పు నడుమ కుంగి, నీళ్లు నిండి, వెదురు విరగబోతుంటే టార్చిలైటు పట్టుకుని వెళ్లి కింది నుంచి భుజంతో ఎత్తి ఒంపినది నేను, నా భార్య. మరునాడు తెగిన తాళ్లు ముడివేసినదీ మేమే. మీరు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, టార్పాలిన్ చిరిగిందా అని. బిగించి కట్టిన ప్రతి కప్పుకూ ఊళ్లో ఉన్నవాడు కాపలా కాయాలి. బోర్లించిన పడవ ఎవరినీ పిలవదు. అందుకే కప్పవద్దంటున్నాను.

నల్లమల అంచు:
ఇంజిన్ విప్పి ఇంటికి తెచ్చేవారు ట్యాంకులోనూ కార్బురేటర్‌లోనూ పెట్రోలు మిగల్చకండి, నెలల తరబడి నిలిస్తే బంకలా మారుతుంది.

సాగర్ తీరం:
నీరు వెనక్కి పోయిన నెలల్లో వలకు ఏమి పడుతుందో మీకు తెలియదా? సెంట్రింగు పనికి పోకపోతే పిల్లల ఫీజు కట్టలేను. ఊళ్లో ఉండి చూసుకునే వీలు లేనందుకే అంత గట్టిగా బిగిస్తాను. పడవ మీద శ్రద్ధ లేని మనిషినైతే అసలు కప్పేవాడినే కాదు. మీరు ఒంపిన సంగతి ఇన్నాళ్లూ నాతో ఎందుకు అనలేదు?

సోమశిల రేవు:
ఇప్పుడు అసలు విషయం బయటికి వచ్చింది. మా దగ్గర కూడా సగం మంది వేసవిలో ఊరు విడుస్తారు. పడవలన్నిటినీ ఒకచోట చేర్చి, గుంజలు పాతి, ఎత్తుగా తాటాకు పందిరి వేస్తే కప్పు పడవకు తగలదు, గాలి ఆగదు, ఎండ పడదు. కాపలా ఉండే ఇంటికి పడవకు ఇంత అని కూలి ఇవ్వాలి. ఇది మీ ఇద్దరికీ సమ్మతమేనా?

పాతరేవు:
పందిరికి సమ్మతమే. అయితే బిరడా తీయకుండా, అడుగు తడి తుడవకుండా వదిలివెళ్లిన పడవకు నాది పూచీ కాదని ముందే కాగితం మీద రాసుకోవాలి.

సాగర్ తీరం:
రాసుకుందాం, కూలి కూడా ఇస్తాను. ఊళ్లో ఉన్నవారి పడవకు తక్కువ, వలస పోయినవారి పడవకు ఎక్కువ అంటే మాత్రం ఒప్పుకోను.

పాతరేవు:
ఎక్కువే అడుగుతాను. ఊళ్లో ఉన్నవాడు వాన రాత్రి తన పడవ దగ్గరికి తానే వస్తాడు.