పత్తి ఏరే చేతుల పగుళ్లకు తేనెమైనం బామ్: రెండుసార్లు చెడిపోయింది, తప్పు ఎక్కడ?

ప్రశ్న (నర్సంపేట దగ్గరి ఊరి నుంచి)

అందరికీ నమస్తే. మా అమ్మ దీపావళి దాటినప్పటి నుంచి పత్తి ఏరడానికి పోతోంది. ఎండిన కాయల మొనలు గీరుకుపోవడం ఒకటి, పైనుంచి ఈ చలి. రెండు బొటనవేళ్ల పక్కన చర్మం నిలువునా చీలింది. రాత్రి దుప్పటి పోగులు ఆ చీలికల్లో పట్టుకుని లాగుతున్నాయి. పులుపు తగిలితే మంట అని చెంచాతో తింటోంది. చెంచాతో తింటే ఆమెకు కడుపు నిండినట్టే ఉండదు.

షాపు క్రీముల వాసన పడదంటే నేనే బామ్ చేశాను. మొదటిసారి కొబ్బరి నూనె, తేనెమైనం, పెరట్లోని కలబంద గుజ్జు కలిపాను. 10 రోజులకే డబ్బా అంచున నల్లగా బూజు వచ్చింది. రెండోసారి కలబంద మానేసి 100 గ్రాముల నూనెకు 50 గ్రాముల మైనం వేస్తే రాయిలా గట్టిపడింది. గోటితో గీకినా రావట్లేదు. సరైన కొలత తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (హనుమకొండ)

చెల్లె, ఆ రాయిలాంటిదాన్ని పారేయకు. అదేం చెడిపోలేదు, మైనం ఎక్కువైంది, అంతే. ఒక వంతు మైనానికి అయిదు వంతుల నూనె, అదీ తూకం వేసి. నీ దగ్గర 50 గ్రాముల మైనం ఉంది కాబట్టి మొత్తం 250 గ్రాముల నూనె పడుతుంది. ఇప్పటికే 100 ఉంది, కొంచెం వాడి కూడా ఉంటావు. ముందు 120 కలిపి చూడు.

ఒక గిన్నెలో నీళ్లు కాగబెట్టి, అందులో పొడి స్టీలు గిన్నె పెట్టి కరిగించు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కాగే నీళ్ల వేడి చాలు. నేరుగా మంట మీద మాత్రం పెట్టకు, మైనం అంటుకునే వస్తువు. మూత కూడా పెట్టొద్దు, ఆవిరి చుక్కలు లోపల పడతాయి. కరిగాక చెంచాతో కొంచెం తీసి ఫ్రిజ్‌లో అయిదు నిమిషాలు ఉంచు. వేలితో రుద్దితే వెన్నలా వస్తే సరిపోయింది. ఇంకా గట్టిగా ఉంటే మరికొంచెం నూనె పోయి. నేను ప్రతిసారీ ఇట్లా చూసుకున్నాకే డబ్బాల్లో పోస్తాను.

ఇప్పుడు కలిపేది నువ్వుల నూనె అయితే మంచిది. కొబ్బరి నూనె 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. మన దగ్గర జనవరిలో పొద్దున సీసా బోర్లించినా చుక్క రాదు కదా, బామ్‌లోనూ అంతే. ఒక చెంచా ఆముదం వేస్తే చేతికి ఇంకా బాగా పట్టి ఉంటుంది.

ఇక బూజు సంగతి. కలబంద గుజ్జు అంటే దాదాపు అంతా నీళ్లే. నీళ్లు నూనెలో, మైనంలో కలవవు, చిన్న చిన్న చుక్కలుగా నిలబడతాయి. బూజు పట్టేది అక్కడే. కాబట్టి డబ్బాలోకి తడి పోకూడదు. తడి వేలు పెట్టినా అదే గతి.

అసలు ముఖ్యమైన మాట ఇది. బామ్ చర్మానికి నీళ్లు ఇవ్వదు, ఉన్న తడిని పోనివ్వకుండా కాపలా కాస్తుంది. ఎండిపోయిన చేతి మీద ఎంత రుద్దినా లాభం తక్కువ. రాత్రి అమ్మ చేతుల్ని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, గుడ్డతో అద్ది, ఆ చెమ్మ మీదనే రాయి. చీలికల దగ్గర కొంచెం మందంగా రాసి పాత కాటన్ సాక్సులు చేతులకు తొడుగు. కలబంద ఇష్టమైతే ముందు అది రాసి, ఆరకముందే పైన బామ్ పట్టించు.

జవాబు (ఉట్నూరు)

మా వైపు గోండు గూడేల్లో ఇప్ప గింజల నూనె ఒంటికి రాసుకుంటారు. చలికి అదే వెన్నలా గడ్డకడుతుంది. దొరికితే నూనెలో సగం అది వేసుకోండి, మైనం కొంచెం తగ్గించాలి. వాసన ఘాటు. మీ అమ్మగారికి ముందు వాసన చూపించి తర్వాత కలపండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అక్కా, అన్నా. ఇంకో రెండు సందేహాలు. వీడియోల్లో కాలెండులా పూలు వేయమంటున్నారు. బతుకమ్మకు తెచ్చి ఎండబెట్టిన బంతిపూలు ఉన్నాయి, అవి వేయొచ్చా? పత్తి అయ్యాక అమ్మ మిర్చి ఏరడానికి పోతుంది. అప్పుడు ఈ చేతులతో ఎట్లా అని నాకు టెన్షన్.

జవాబు (హనుమకొండ)

కాలెండులా వేరు, మన బంతి వేరు. చూపుకు ఒకేలా ఉన్నా వేరే మొక్కలు. వద్దు. నిమ్మరసం, కర్పూరం కూడా చీలిన చర్మానికి పనికిరావు. ఇంట్లో చిన్నపిల్లలుంటే కర్పూరం కలిపినది అందకుండా ఉంచాలి, నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

మిర్చి ఘాటు నీళ్లకు లొంగదు, నూనెలో కరుగుతుంది. అందుకని పొద్దున బామ్ రాసి పంపకు, ఆ జిడ్డు ఘాటును పట్టుకుని చీలికల్లోకే తీసుకుపోతుంది. చేతులకు తొడుగులు కొనివ్వు. ఇంటికి రాగానే ముందు నూనెతో చేతులు రుద్ది తుడవాలి, తర్వాత సబ్బు, ఆ తర్వాత బామ్.

జవాబు (పరకాల)

అమ్మకు షుగర్ ఉందేమో ఒకసారి చూపించండి. మా నాన్న మడమ పగుళ్లకు మేం నెల రోజులు నూనెలు రాస్తూ కూర్చున్నాం, లోపల చీము పట్టింది. స్పర్శ తగ్గి ఆయనకు నొప్పి తెలియలేదు. రక్తం, చీము, వాపు ఉంటే బామ్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పోండి.

ప్రశ్న అడిగినవారు (తొమ్మిది రోజుల తర్వాత)

షుగర్ పరీక్ష చేయించాను, లేదు. 120 సరిపోలేదు, ఇంకో 20 గ్రాముల నువ్వుల నూనె పట్టింది. ముందు మోచేతి మడతలో రాసి ఒకరోజు చూశాం, దురద రాలేదు. ఎడమ బొటనవేలు మొత్తం మూసుకుంది. కుడిది లోతుగా ఉండేది, ఇప్పుడు సన్నని గీత మిగిలింది. నిన్న రాత్రి అమ్మ పచ్చిపులుసు అన్నం చేత్తోనే కలుపుకుని తిన్నది.