ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మళ్లీ సైకిల్: కాపురం బండిలోనే, ఉండేది నెల్లూరు, ఒంగోలు, కంభం దారుల్లో

పెన్నా గట్టు
అందరికీ నమస్కారం. ఎడమ మోకాలిలో ఏసీఎల్ అనే స్నాయువు తెగి ఆపరేషన్ చేయించుకున్నాను. తొడ వెనక స్నాయువు తీసి లోపల వేశారు. మొన్న డాక్టరు గారు పరీక్షించి, చదును దారిలో సైకిల్ మొదలుపెట్టవచ్చన్నారు. నేనూ మా ఆవిడా ఇల్లు అద్దెకిచ్చేసి, పాత ట్రావెలర్ బండిని మోటర్ హోమ్‌గా కట్టించుకుని అందులోనే ఉంటున్నాం. ఇప్పుడు నెల్లూరు బయట ఉన్నాం. తర్వాత ఒంగోలు, అక్కడి నుంచి కంభం వైపు వెళ్తాం. ఒకచోట నిలకడగా ఉండం కనుక ఫిజియోథెరపీకి రోజూ వెళ్లడం కుదరదు. మొదట నెల్లూరు దగ్గరి మైపాడు దారి మంచిదా, ఒంగోలు దగ్గరి కొత్తపట్నం దారి మంచిదా? సైకిల్‌ను నిలిపి ఉన్నచోటే తొక్కే ట్రైనర్ స్టాండు బండిలో పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? బ్యాటరీ సైకిల్ కొనాలా? సైకిల్ బండి వెనక తగిలించాలా, లోపల పెట్టాలా? నాలుగు రోజులు నిలుపుకోవడానికి ఎక్కడ అనువుగా ఉంటుంది? సైకిల్ ఎక్కకుండా ఉండటం నాకు నొప్పి కన్నా ఎక్కువ బాధగా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మైపాడు గాలి
వెనక తగిలించకండి అన్నా. సముద్రం పక్కన రెండు రాత్రులు ఉంచితే చాలు, చైను ఎర్రబడుతుంది. ఉప్పుగాలి ముందు చైను, తర్వాత బ్రేకు తీగలు, ఆ తర్వాత సీటు గొట్టం పట్టుకుంటుంది. సీటు గొట్టం తుప్పుపట్టి బిగుసుకుపోతే ఎత్తు మార్చలేరు. మీ మోకాలికి ఇప్పుడు కావలసింది ఆ ఎత్తు మార్చుకోవడమే. బయట పెట్టక తప్పకపోతే, సాయంత్రం మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె రాసి కప్పండి.

ఇరవై రెండు అంగుళాలు
తమ్ముడూ, ఆపరేషన్ దాకా ఎందుకు వెళ్లావు? నా కాలర్ ఎముక విరిగినప్పుడు ప్లేటు వేయాలన్నారు. నేను నేరుగా పుత్తూరు వెళ్లాను. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, పైన గుడ్డ. అంతే కట్టు. ఎముక అతుక్కుంది. ఈ రోజుకీ ఒంగోలు నుంచి కొత్తపట్నం దాకా తొక్కుకుంటూ వెళ్లి చేపలు తెచ్చుకుంటున్నాను. తరతరాలుగా మన జిల్లాల వాళ్లందరూ అక్కడికే వెళ్లారు. మీ తరానికి నమ్మకం పోయింది.

ఒంగోలు ఫిజియో
పెద్దాయన మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఏసీఎల్ ఎముక కాదు. అది తొడ ఎముకను, కింది కాలి ఎముకను కలిపి పట్టుకునే స్నాయువు. ఎక్స్-రేలో కూడా కనిపించదు, ఎంఆర్ఐలో కనిపిస్తుంది. పూర్తిగా తెగినది కట్టు కడితే అతుక్కోదు. ఇలాంటి మాటలు చదివి మోకాలు జారుతున్నా పసరు పూసుకుంటూ కూర్చున్నవాళ్లు, లోపలి మృదులాస్థి కూడా నలిగిపోయాక నా దగ్గరికి వస్తున్నారు. పదిహేనేళ్లుగా నేను మోకాళ్లే చూస్తున్నాను.

పెన్నా గట్టు గారూ, మీరు అడగని విషయం ముందు చెబుతాను. మీ బండి మెట్టు ఎత్తుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. రోజుకు ఎన్నోసార్లు ఎక్కి దిగుతారు కనుక సైకిల్ కన్నా ఇదే ముఖ్యం. కింద ఒక పీట వేసుకోండి. బండిలో గంటల తరబడి కాలు కదపకుండా కూర్చోకండి. కాలి ఆపరేషన్ తర్వాత పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. గంటకోసారి దిగి నడవండి. పిక్క వాచినా, వేడెక్కి నొప్పి పెట్టినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఇరవై రెండు అంగుళాలు
నేను నా భుజం సంగతి చెప్పాను. మోకాలికి కట్టు కట్టించుకోమని ఎక్కడ అన్నాను? చదివి మాట్లాడమ్మా. ప్లేటుకు, గదికి, మందులకు డబ్బు లేని ఇంట్లో చెయ్యి విరిగితే ఎక్కడికి వెళ్లాలి? పుత్తూరు కట్టు బీదవాళ్ల చేతులు కాపాడింది.

కావలి రహదారి
కాపాడినవాళ్లు మాట్లాడతారు, పోగొట్టుకున్నవాళ్లు మాట్లాడరు. నేను ముంజేయి విరగ్గొట్టుకున్నప్పుడు ఇంట్లోవాళ్లు మా ఊరి దగ్గర కట్టు కట్టే మనిషి దగ్గరికి తీసుకెళ్లారు. పుత్తూరు కాదు, పేరు చెప్పను. రాత్రికల్లా వేళ్లు నల్లబడి, స్పర్శ పోయింది. కట్టు బిగిస్తే లోపల వాపుకు చోటు ఉండదు, రక్తం ఆడక కండరం చచ్చిపోతుంది. తెల్లవారకముందే కట్టు విప్పించి ఆసుపత్రికి తీసుకెళ్లారు కనుక చెయ్యి మిగిలింది. ఇప్పటికీ ఆ చేత్తో బ్రేకు గట్టిగా పట్టలేను. వెనక బ్రేకు మీటను మంచి చేతివైపుకు మార్పించుకున్నాను. పెద్దాయనా, ఎవరైనా కట్టు కట్టించుకునే పక్షంలో వేళ్ల రంగు చూసుకోమనైనా రాయండి.

ఒంగోలు ఫిజియో
ఇంకొక మాట. కాలర్ ఎముక విరిగినవాళ్లలో ఎక్కువమందికి చెయ్యిని మెడకు వేలాడదీసి ఉంచినా అదే అతుక్కుంటుంది. ఆ ఘనత పసరుది కాదు.

ఇరవై రెండు అంగుళాలు
అలాగైతే ప్లేటు వేయాలని నాకెందుకు చెప్పారు? దానికి జవాబు చెప్పు.

కావలి రహదారి
ఎముక ముక్కలు బాగా పక్కకు జరిగితే వేస్తారు. మీ ఎక్స్-రే ఇక్కడ ఎవరూ చూడలేదు.

కంభం కట్ట
ఆయన మోకాలి గురించి, దారి గురించి అడిగారు. భుజాల గొడవకు వేరే చర్చ పెట్టుకోండి, దయచేసి.

పెన్నా గట్టు గారూ, మా వైపు వస్తున్నారు కనుక ముందే చెబుతున్నాను. ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి మీదుగా సైకిల్ మీద రావద్దు. గ్రానైటు లారీలు తిరిగే దారి. రాళ్ల బరువుకు రోడ్డు అంచులు విరిగి ఉంటాయి, దుమ్ముకు ఎదురు కనబడదు. ఆ ముక్క బండిలోనే దాటండి. కంభం నుంచి గిద్దలూరు వైపు దారి మోకాలికి ఇబ్బంది పెట్టదు. గిద్దలూరు దాటి నంద్యాల వైపు మాత్రం వెళ్లకండి, నల్లమల ఘాటు మొదలవుతుంది. పొద్దున్నే కంభం చెరువు కట్ట చూడండి. వందల ఏళ్ల కిందట గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన చెరువు, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ గుర్తింపు వచ్చింది. మా తాతల కాలం నుంచి ఆ నీళ్ల మీదే బతికాం.

నీళ్లంటే గుర్తొచ్చింది. కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో బోరు నీళ్లు బండి ట్యాంకులో నింపుకుంటే స్నానానికి, గిన్నెలకే వాడండి. ఫ్లోరైడు ఉంటుంది. మరిగిస్తే పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి ఆర్వో నీళ్లు విడిగా కొనుక్కోండి. మోకాలు బాగుచేసుకుంటున్న మనిషికి ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

సౌరఫలకం
బ్యాటరీ సైకిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను విద్యుత్ పనిలోనే ఉన్నాను, బండ్లకు సోలార్ బిగిస్తాను. లెక్క చూడండి. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల సైకిల్ బ్యాటరీ అంటే 360 వాట్ అవర్లు. ఇన్వర్టర్, ఛార్జరు తినేది కలిపితే మీ బండిలో ఫ్యాను, ఫ్రిజ్ నడిపే బ్యాటరీ నుంచి 420 దాకా లాగుతుంది. మీది 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే ఉన్నది 1200, అందులో సగమే వాడాలి, లేకపోతే త్వరగా పాడవుతుంది. అంటే 600లో 420 సైకిలే తాగేస్తే రాత్రి ఫ్యాను, ఫ్రిజ్ ఎలా నడుస్తాయి? మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు, ఫలకాల నుంచి కరెంటు వస్తుండగానే ఛార్జింగ్ పెట్టుకోవాలి. కానీ తలుపులు మూసిన బండిలో పెట్టకండి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. నెల్లూరు మే నెలలో బయటే ఒక్కోరోజు దాదాపు అంత ఉంటుంది. నీడన, గాలి ఆడే చోట పెట్టండి.

కావలి రహదారి
లెక్క బాగుంది. కానీ మోటారు తోస్తుంటే తొడ కండ ఎలా పెరుగుతుంది? సన్నబడిన తొడను తిరిగి తెచ్చుకోవడానికే కదా ఆయన సైకిల్ ఎక్కేది! అది సైకిల్ కాదు, చిన్న స్కూటర్.

పలకల ఊరు
స్కూటర్ అని తీసిపారేయకండి. మాది మార్కాపురం. తుంటి ఎముక విరిగిన తర్వాత నన్ను మళ్లీ రోడ్డెక్కించింది బ్యాటరీ సైకిలే. వెళ్లేటప్పుడు మోటారు ఆపి నా కాళ్లతోనే తొక్కేదాన్ని. నొప్పి మొదలైతే అక్కడి నుంచి మోటారు వేసుకుని ఇంటికి వచ్చేదాన్ని. దారి మధ్యలో కాలు మొరాయిస్తే ఎలా అనే భయమే మమ్మల్ని ఇంట్లో కూర్చోబెడుతుంది. ఆ భయం పోయాకే కండ పెరిగింది. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్నదైతే రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. ఆడవాళ్లు సైకిల్ తొక్కుతుంటే చూసి నవ్విన మా వీధిలో ఇప్పుడు ఇంకో ఇద్దరు కొన్నారు. దీన్ని స్కూటర్ అంటే నాకు కోపం వస్తుంది.

కావలి రహదారి
మీ సందర్భం వేరమ్మా. నేను ఆయన కోసం అన్నాను.

పలకల ఊరు
ఆయన భయం మాత్రం వేరా?

మైపాడు గాలి
కొనాల్సిన అవసరమే లేదు. మోటర్ హోమ్‌లో ఉన్నవాళ్లకు మనకెవరికీ లేని సౌకర్యం ఒకటి ఉంది. మనం ఇంటి నుంచి వెళ్లి, అలసిపోయాక మళ్లీ ఇంటికి తొక్కాలి. వాళ్లు ఇంటినే గాలిని బట్టి నిలుపుకోవచ్చు. ఎండాకాలం పొద్దున మా దగ్గర పడమటి గాలి, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి. పొద్దున నెల్లూరు వైపు నుంచి మైపాడుకు గాలి తోసుకుపోతుంది, తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఛాతీ మీద కొడుతుంది. అలసిన మోకాలికి అదే ఎక్కువ ప్రమాదం. అందుకని బండి మైపాడులో పెట్టి పొద్దున్నే పడమటికి తొక్కండి. కాలు తాజాగా ఉన్నప్పుడు ఎదురుగాలి, అలసిపోయాక వెనక గాలి. ఇంకా మంచిది, మీ ఆవిడ గారు బండి ముందు తీసుకెళ్లి నిలిపితే గాలివాటున ఒకవైపే తొక్కి బండెక్కేయండి. రొయ్యల చెరువుల గట్ల మీదికి మాత్రం దిగకండి. వదులు గ్రావెల్ మీద చక్రం జారితే ముందు ఎడమ కాలే నేలకు ఆనుతుంది.

ఒంగోలు ఫిజియో
ఈ సలహా నాకు నచ్చింది. దానికి కొలతలు జోడిస్తాను. పెడల్ పూర్తిగా తిరగాలంటే మోకాలు సుమారు 110 డిగ్రీలు వంగాలి. అంత వంగకపోతే నడుము పక్కకు ఎత్తి తిప్పుతారు, అది తప్పు. సీటు కొంచెం ఎత్తితే తక్కువ వంపుతో పని జరుగుతుంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలిలో 25 నుంచి 35 డిగ్రీల వంపు మిగలాలి. గేరు తేలికగా, నిమిషానికి 80 చుట్ల దగ్గర ఉంచండి. బరువు గేరులో నిలబడి తొక్కవద్దు. షూ బిగిసిపోయే పెడళ్లు తీసేసి మామూలు పెడళ్లు వేయించండి. ఆ షూ విడిపించడానికి మడమ బయటికి మెలితిప్పాలి, కొత్త స్నాయువుకు ఆ మెలిక పనికిరాదు. లోపల వేసిన స్నాయువు మొదటి నెలల్లో బలహీనపడి, ఆ తర్వాతే నెమ్మదిగా గట్టిపడుతుంది. నొప్పి తగ్గగానే మోకాలు బాగైందని అనుకోకండి. మర్నాడు వాపు వస్తే ముందురోజు ఎక్కువ తొక్కినట్టే, దూరం తగ్గించండి.

పాత మినీ బస్సు
మేమూ బండిలోనే ఉంటాం. ట్రైనర్ స్టాండు లోపల పెట్టకండి. తొక్కుతుంటే బండి స్ప్రింగుల మీద ఊగుతుంది, వంట చేసేవాళ్లకు నరకం. బయట పందిరి గుడ్డ కింద పెట్టుకోండి. నేల సమంగా ఉందో లేదో చూసుకోవాలి. స్టాండు ఒకవైపు ఒరిగితే ఒక మోకాలి మీదే భారం పడుతుంది. వెనక క్యారియర్ పెట్టిస్తే నంబరు ప్లేటు, వెనక దీపాలు కనబడేలా చూడండి.

పెన్నా గట్టు
అందరికీ ధన్యవాదాలు. మైపాడు దగ్గర బండి నిలుపుకుని పడమటికి తొక్కడం మొదలుపెడతాను. పీట ఈ రోజే తెచ్చాను, మెట్టు దగ్గర తేడా వెంటనే తెలిసింది. సైకిల్ లోపలే, మంచం కింద పడుకోబెడుతున్నాను. పలకల ఊరు గారూ, కంభం వచ్చే ముందు మీ బ్యాటరీ సైకిల్ ఒకసారి తొక్కి చూడాలని ఉంది, అప్పటిదాకా కొనను. ఎడమ కాలితో క్లచ్ తొక్కకూడదన్నారు కనుక బండి ఇప్పుడు పూర్తిగా మా ఆవిడదే.

సౌరఫలకం
ఆవిడ గారికి కారు లైసెన్సే ఉందా? ట్రావెలర్‌కు అది సరిపోతుందా?

పాత మినీ బస్సు
సరిపోతుంది. బండి మొత్తం అనుమతి బరువు 7,500 కిలోల లోపు ఉంటే తేలికపాటి వాహనాల లైసెన్సు (ఎల్ఎంవీ) చాలు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. ఆర్సీలో బరువు ఎంత రాసి ఉందో చూడండి. లోపల మంచాలు, ట్యాంకు కట్టించినప్పుడు ఆ మార్పు రవాణా కార్యాలయంలో రాయించారో లేదో కూడా చూసుకోండి. ఏదైనా జరిగితే బీమావాళ్లు ముందు అడిగేది అదే.