బోగీ అంటే పెట్టెనా, పెట్టె కింద ఉండే చక్రాల చట్రమా?

అమెరికా గూడ్సు రైళ్ల చరిత్ర మీద తెలుగులో వ్యాసం రాస్తున్న మిత్రుడు "1940 ప్రాంతంలో ఆర్చ్‌బార్ ట్రక్కులను నిషేధించారు" అని రాస్తే సరిపోతుందా అని అడిగారు కదా. సరిపోదండీ. ట్రక్కు అనగానే మనవాళ్లకు లారీ గుర్తొస్తుంది. పోనీ బోగీ అందామంటే పేపర్లో "మూడు బోగీలు పట్టాలు తప్పాయి" అని రోజూ చదివేవాళ్లు పెట్టెలే అనుకుంటారు.

అమెరికాలో ట్రక్ అన్నా, బ్రిటన్లో బోగీ అన్నా వస్తువు ఒకటే. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, వాటిని పట్టుకునే చట్రం. వ్యాగన్ రెండు చివర్ల కింద ఒక్కోటి ఉంటుంది, మలుపు వస్తే పెట్టెతో సంబంధం లేకుండా అది తిరుగుతుంది. మన రైల్వేలో పనిచేసేవాళ్లకూ బోగీ అంటే ఇదే. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ (BOXN) వ్యాగన్ పేరులో మొదటి అక్షరం బి బోగీదే, దాని కింద ఉండేది కాస్నబ్ అనే రకం బోగీ. అందుకే నా ఓటు: కింది భాగాన్ని బోగీ అనండి, పైదాన్ని వ్యాగన్ అనండి, మొదటి పేరాలోనే ఒక్క వాక్యంలో తేడా చెప్పేయండి.

అసలు చిక్కు ఈ బోగీల పేర్లలో ఉంది. ఆర్చ్‌బార్ అనేది ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. వంచిన ఇనుప బద్దీలను ఒకదానిమీద ఒకటి పేర్చి బోల్టులతో బిగించేవారు. 19వ శతాబ్దం రెండో సగమంతా గూడ్సు బళ్ల కింద ఎక్కువగా ఇదే. చేయడం తేలిక, ఏ భాగం పోయినా విడిగా మార్చుకోవచ్చు. కానీ బరువులు పెరిగేకొద్దీ బోల్టులు వదులయ్యేవి, బద్దీలు వంపు దగ్గర చిట్లేవి, నడుస్తున్న బండి కింద అది విరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నిషేధం మాత్రం ఒక రైల్వే కంపెనీ వ్యాగన్ ఇంకో కంపెనీ పట్టాల మీదికి వెళ్లడానికే, సొంత లైన్లో మరమ్మతు పనుల బళ్ల కింద ఇవి ఆ తర్వాత కూడా తిరిగాయి. కాబట్టి మీ వాక్యంలో "నిషేధించారు" అన్న మాట దగ్గర కూడా ఇది చేర్చాలి.

బెటెండార్ఫ్ అనే ఇంకో రకం బోగీది మాత్రం మనిషి పేరు. అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ దగ్గర ఫ్యాక్టరీ పెట్టిన విలియం బెటెండార్ఫ్ 20వ శతాబ్దం మొదట్లో పక్క చట్రాన్నీ ఇరుసు కొస ఉండే పెట్టెనూ కలిపి ఒకే ఉక్కు పోతగా తెచ్చాడు. తర్వాత ఎవరు పోసినా ఆ రూపానికి ఆయన పేరే వాడుకలో పడింది, మనం ఏ కంపెనీ మెషీన్ కాపీనైనా జెరాక్స్ అన్నట్టు. అందుకే "బెటెండార్ఫ్ యుగం" అని రాస్తే చట్రాలన్నీ ఆ ఫ్యాక్టరీవే అనుకునే ప్రమాదముంది. "ఒకే పోత చట్రం" అని రాసి, పక్కన ఆయన పేరు చెప్పండి.

> మరి ఆండ్రూస్ బోగీని ఏ కాలంలో వేయాలండీ?

తయారీలో అది ఆర్చ్‌బార్‌కూ బెటెండార్ఫ్‌కూ మధ్యది అండీ, కాలం మాత్రం బెటెండార్ఫ్‌తో పాటే, 20వ శతాబ్దం మొదటి దశాబ్దాలు. చట్రం పోత ఉక్కే, కానీ ఇరుసు పెట్టెలు విడిగా ఉండి బోల్టులతో బిగించాలి. ఆర్చ్‌బార్ నుంచి తీసిన పాత పెట్టెల్నే దీనికి వాడుకోవచ్చు, కంపెనీలకు అది నచ్చింది.

ఇక రోలర్ బేరింగ్ అన్న పేరు చట్రానిది కాదు, లోపలి భాగానిది, అంటే ఇరుసు కొస సులువుగా తిరిగేందుకు చుట్టూ చిన్న ఉక్కు రోలర్లు ఉండే భాగానిది. అంతకుముందు ఇరుసు కొస మీద ఇత్తడి దిమ్మ కూర్చునేది, కింద నూనెలో తడిపిన నూలు పీచు కూరేవారు. మూత ఎత్తి నూనె చూడటమే ఒక ఉద్యోగం. పీచు ఆరితే ఇరుసు కాలి పొగ వచ్చేది, దాన్నే వాళ్లు హాట్‌బాక్స్ అంటారు. దీన్ని "వేడి పెట్టె" అని అనువదించకండి దయచేసి, "ఇరుసు కాలడం" అంటే చాలు. 1960ల్లో కొత్త వ్యాగన్లకు రోలర్ బేరింగులు తప్పనిసరయ్యాయి, పాత ఇత్తడి దిమ్మల వ్యాగన్లు ఇతర కంపెనీల లైన్ల మీద తిరగడం 1990ల్లో ఆగింది. చట్రం మాత్రం రెండు పక్క ముక్కలు, మధ్యలో అడ్డదూలంగా పాత పద్ధతిలోనే ఉంది. మన కాస్నబ్ కూడా ఆ మూడు ముక్కల కుటుంబమే.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "ఆర్చ్‌బార్ బోగీలున్న వ్యాగన్లు వేరే కంపెనీల లైన్లలోకి రాకుండా 1940 ప్రాంతంలో నిషేధం వచ్చింది."