యూనికోడ్ నుంచి అను ఫాంట్‌కి మారిస్తే వత్తులు చెదురుతున్నాయి

విజయవాడలో మా రచయిత్రుల బృందం కథా సంకలనం వేస్తోంది. 14 కథలు, డెమీ సైజు, సుమారు 160 పేజీలు. ఎడిటింగంతా వర్డ్‌లో, మండలి ఫాంట్‌తో పూర్తయింది. గవర్నర్‌పేటలో మేమిచ్చే డీటీపీ సెంటర్‌లో మాత్రం పేజ్‌మేకర్ 7, యూనికోడ్ కాని అను ఫాంట్లే.

కన్వర్టర్‌లో వేయగానే ‘స్త్రీ’లో క్రావడి ఎగిరిపోతోంది (ఆడవాళ్ల పుస్తకంలో తప్పు పోవాల్సిన మాటేనా అది!). ‘రాష్ట్రం’, ‘మత్స్య’ కూడా ఇలాగే చెదురుతున్నాయి. ‘ఫేస్‌బుక్’ కాస్తా ‘ఫేస్బుక్’ అయింది. మధ్యనుండే, అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనిపించని గుర్తు జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని కన్వర్టర్ మింగేస్తోంది. దాని బదులు నక్షత్రం గుర్తు పెట్టి, మార్చాక తీసేస్తే పొల్లు నిలిచింది. సంశ్లేషాక్షరాలు (‘స్త్రీ’లా మూడు హల్లులు కలిసినవి) మాత్రం రెండు కన్వర్టర్లలోనూ చెదిరాయి. ఫైండ్-రీప్లేస్ చేద్దామంటే ఒక్కోచోట ఒక్కోలా విరుగుతున్నాయి.

160 పేజీలూ చేత్తో దిద్దకుండా, ఈ మూడు హల్లుల అక్షరాలు చెదరకుండా అనులోకి మార్చడం ఎలా?