నియంతృత్వ దేశంలో విదేశీ విలేకరి ఉండి రాయాలా, బయటికొచ్చి రాయాలా?

తూర్పుగట్టు:
2022 మార్చిలో రష్యా ఒక చట్టం తెచ్చింది. సైన్యం గురించి "తప్పుడు సమాచారం" రాస్తే 15 ఏళ్ల దాకా జైలు. ఏది తప్పుడు సమాచారమో తేల్చేది ప్రభుత్వమే. సీఎన్ఎన్ అక్కడ ప్రసారాలు ఆపేసింది, బ్లూమ్‌బర్గ్ తన విలేకరుల పని ఆపేసింది. బీబీసీ కూడా ఆపింది, కానీ కొన్ని రోజులకే మళ్లీ మాస్కో నుంచి వార్తలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎవరు చేసింది సరైన పని?

నా వరకు ఉండటమే సరి. అయితే, ఉండటం కోసం ఏం మింగుతున్నారో పాఠకుడికి చెప్పి తీరాలి. స్టాలిన్ కాలంలో, సోవియట్ పాలన కింద ఉన్న ఉక్రెయిన్‌లో 1933లో వచ్చిన కరువు గుర్తు చేసుకోండి. మాస్కోలో ఉన్న విదేశీ విలేకరులకు కరువు సంగతి తెలుసు. కానీ ప్రతి టెలిగ్రామ్‌కీ సెన్సార్ ముద్ర పడాలి, వీసా నిలవాలి. గారెత్ జోన్స్ అనే వేల్స్ కుర్రాడు ఖార్కివ్‌ వెళ్లే రైలెక్కి దారిలోనే దిగిపోయి, పల్లెల వెంట నడిచాడు, రైతుల ఇళ్లలో పడుకున్నాడు. దేశం దాటాక, మార్చి 29న బెర్లిన్‌లో చూసిందంతా చెప్పాడు. రెండు రోజులకే న్యూయార్క్ టైమ్స్ మాస్కో విలేకరి వాల్టర్ డ్యూరాంటీ ఆ పత్రికలో అతని మాట కొట్టిపారేశాడు. అంతకుముందు ఏడాదే, అమెరికా పత్రికల్లో పెద్ద బహుమతి అయిన పులిట్జర్ అందుకున్న మనిషి! ఎవరి మాట నిలబడి ఉంటుందో ఊహించుకోవచ్చు. మాస్కోలో ఉండటం డ్యూరాంటీ తప్పు కాదు. అక్కడ ఉండనిచ్చినందుకు తాను చెల్లిస్తున్న ధర ఏమిటో దాచడమే ఆయన తప్పు.

రాత్రిడ్యూటీ:
మీ ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతోంది. నిజం బయటపెట్టింది అక్కడ బ్యూరో (పత్రిక ఆఫీసు) లేనివాడు, వీసా పోతుందన్న భయం లేనివాడు.

ఇప్పటి సంగతికి వద్దాం. బజ్‌ఫీడ్ న్యూస్ విలేకరి మేఘా రాజగోపాలన్ వీసాను చైనా 2018లో పొడిగించలేదు. ఆవిడ బయటికొచ్చి ఆర్కిటెక్ట్ ఆలిసన్ కిల్లింగ్‌తో, ప్రోగ్రామర్ క్రిస్టో బుషెక్‌తో కలిసి పని చేశారు. చైనా కంపెనీ బైదు మ్యాపుల్లో కొన్ని చోట్లు కావాలని ఖాళీగా కనబడుతున్నాయని పట్టుకున్నారు. అవే చోట్లను వేరే ఉపగ్రహ చిత్రాల్లో వెతికితే ఎత్తైన గోడలు, కాపలా బురుజులు. షింజియాంగ్ ప్రాంతంలో వీగర్ ముస్లింలను బంధించిన కేంద్రాలవి. ఆ తర్వాత కజకిస్తాన్ వెళ్లి, లోపలి నుంచి బయటపడ్డవాళ్లతో మాట్లాడారు. 2021లో పులిట్జర్ వచ్చింది. అదే సమయంలో షింజియాంగ్ వెళ్లిన విలేకరుల వెనక ఏం జరిగింది? కార్లు వెంటపడ్డాయి, రోడ్లు మూశారు, పలకరించిన మనిషల్లా తల తిప్పుకున్నాడు. అక్కడ ఉండి సాధించేది అంతంతే.

తూర్పుగట్టు:
రాత్రిడ్యూటీ గారూ, ఒక ముక్క వదిలేశారు. ఆవిడ 2017లోనే షింజియాంగ్‌లో తిరిగారు, ఒక కేంద్రాన్ని దగ్గరి నుంచి చూశారు. దేని కోసం వెతకాలో తెలిసింది అందుకే. బయటి నుంచి చేసిన పనికి పెట్టుబడి లోపల గడిపిన ఏళ్లు. భాష రానివాళ్లకి, వీధులు తెలియనివాళ్లకి ఆ ఖాళీ గళ్లు ఖాళీ గళ్లే.

డేవిడ్ బార్బోజాని కూడా చూడండి. షాంఘైలో న్యూయార్క్ టైమ్స్ విలేకరిగా ఉంటూ కంపెనీల రిజిస్ట్రేషన్ కాగితాలు తెప్పించుకుని, వాటాదారుల పేర్ల వెనక పేర్లు లాగి, 2012లో ప్రధాని వెన్ జియాబావో బంధువుల ఆస్తులు బయటపెట్టాడు. రహస్య పత్రం ఒక్కటీ దొంగిలించలేదు. అడిగితే దొరికే కాగితాల్ని ఓపికగా చదివాడు. న్యూయార్క్ టైమ్స్ సైట్‌ని చైనాలో మూసేశారు, ఆ పత్రిక విలేకరులకు వీసాలు కష్టమయ్యాయి. అయినా రాశారు. ఉండటమంటే ఇలా ఉండటం.

రాత్రిడ్యూటీ:
ఇవాళ అలా రాసినవాణ్ణి వీసా ఆపి వదిలేస్తారా? వాల్ స్ట్రీట్ జర్నల్ విలేకరి ఎవాన్ గెర్ష్‌కోవిచ్‌కి రష్యా విదేశాంగ శాఖే గుర్తింపు ఇచ్చింది. 2023 మార్చి 29న యెకాతెరిన్‌బర్గ్‌లో గూఢచారి అని పట్టుకున్నారు. 1986లో నికొలస్ డానిలాఫ్ తర్వాత ఈ ఆరోపణ మీద అరెస్టయిన అమెరికన్ విలేకరి మళ్లీ అతనే. విచారణంతా మూసిన తలుపుల వెనక. 2024 జులైలో 16 ఏళ్ల శిక్ష వేసి, ఆగస్టు 1న ఖైదీల మార్పిడిలో వదిలారు. అటువైపు రష్యాకి చేరినవాళ్లలో బెర్లిన్ హత్య కేసులో యావజ్జీవం పడ్డ క్రాసికోవ్ ఉన్నాడు. అంటే విలేకరి ఇప్పుడు బేరానికి పెట్టే సరుకు. సంపాదకులు తమ మనిషిని అక్కడ ఉంచడమంటే ఆ ప్రభుత్వం చేతికి ఒక బందీని అందించడమే. ఇంత తెలిసీ పంపడం నాకు ధైర్యంలా కనిపించదు.

మూడోపేజీ:
ఇద్దరూ విదేశీ విలేకరి గురించే మాట్లాడుతున్నారు. అతని పక్కన నిలబడ్డ మనిషి సంగతేమిటి?

చైనా పౌరులు విదేశీ పత్రికలకు విలేకరులుగా పని చేయకూడదు. "న్యూస్ అసిస్టెంట్" అన్న పేరుతోనే పని. ఫోన్లు చేసేది, మనుషుల్ని ఒప్పించేది, మాటలో మాట పట్టుకునేది వాళ్లు. పేరు మాత్రం వేరొకరిది. 2020 మార్చిలో చైనా కనీసం 13 మంది అమెరికన్ విలేకరుల్ని పంపించేసింది. వాళ్లు విమానం ఎక్కి వెళ్లిపోయారు. అదే ఏడాది డిసెంబరులో బ్లూమ్‌బర్గ్ బీజింగ్ ఆఫీసులో పనిచేసే చైనా పౌరురాలు హేజ్ ఫాన్‌ని దేశ భద్రత పేరుతో తీసుకెళ్లారు. ఏడాది దాటాక గానీ బెయిల్ రాలేదు.

ఇరాక్ కథ ఇంకా బాధాకరం. 2003 ఏప్రిల్‌లో, బాగ్దాద్ పడిపోయాక, సీఎన్ఎన్ వార్తా విభాగం పెద్ద ఈసన్ జోర్డన్ ఒక వ్యాసం రాశాడు. సద్దాం ప్రభుత్వ క్రూరత్వం గురించి తెలిసిన కొన్ని సంగతులు ఏళ్ల తరబడి బయటపెట్టలేదని, బయటపెడితే తమ ఇరాకీ సిబ్బంది ప్రాణాలు పోయేవని. జనం మండిపడ్డారు. బ్యూరో మూయవద్దని అడగడానికి, ఇరాక్ నాయకుల ఇంటర్వ్యూలు కుదుర్చుకోవడానికి 13 సార్లు బాగ్దాద్ వెళ్లానని కూడా అతనే రాశాడు. ఆ ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ఆ ఇరాకీల్ని కాపాడటానికి వార్త ఆపడం నాకు అర్థమవుతుంది. కానీ వాళ్లకి ఆ ప్రమాదం వచ్చిందే బ్యూరో ఉండటం వల్ల కదా!

ఇలాంటి చోట విలేకరి నైపుణ్యం అంటే నా లెక్కలో ముందు ఇదే. ఎవరి పేరూ నోట్‌బుక్‌లో ఉండకూడదు. మనిషిని కలవడానికి వాళ్ల ఇంటికి వెళ్లకూడదు, ఫోను వెంట తీసుకెళ్లకూడదు. ఆ మనిషి చెప్పినదాంట్లో ఏ వివరం అతన్ని పట్టిస్తుందో ముందే చూసుకుని, అది ఎంత బాగున్నా తీసేయాలి. ఆ ఊళ్లో అది తెలిసినవాళ్లు ఇద్దరే ఉంటే పేరు మార్చి ఏం లాభం?

తూర్పుగట్టు:
మూడోపేజీ గారూ, ఒప్పుకుంటాను. కానీ దాని అర్థం బ్యూరో మూయాలనా? మూస్తే ఆ సహాయకులు అక్కడే మిగిలిపోతారు. "విదేశీయులకి పనిచేసినవాళ్లు" అన్న ముద్ర మాత్రం పోదు.

మూడోపేజీ:
మూయమనడం లేదు. నిర్ణయం ఎవరిదో అడుగుతున్నాను. మయన్మార్‌లో రాయిటర్స్‌కి పనిచేసే వా లోన్, క్యావ్ సో ఊ ఇద్దరూ ఆ దేశస్థులే. ఇన్ దిన్ ఊళ్లో పదిమంది రోహింగ్యాల్ని చంపిన సంగతి తవ్వుతుండగా 2017 డిసెంబరులో అరెస్టయ్యారు. వాళ్లు జైల్లో ఉండగానే 2018 ఫిబ్రవరిలో రాయిటర్స్ ఆ కథనం వేసింది. వేసే ముందు వాళ్లనీ, వాళ్ల ఇంటివాళ్లనీ సంప్రదించింది. కథనం మీద వాళ్ల పేర్లున్నాయి. తర్వాత ఏడేళ్ల శిక్ష పడింది, 2019 మేలో క్షమాభిక్షతో బయటికొచ్చారు. ఉండాలన్నా, వెళ్లాలన్నా, రాయాలన్నా ఆపాలన్నా, ముందు అలాంటివాళ్లని అడిగారా లేదా అన్నదే నేను చూస్తాను.

రాత్రిడ్యూటీ:
జైల్లో ఉన్న మనిషి "వేయండి" అంటే అది ఎంతవరకు స్వేచ్ఛగా చెప్పిన మాటో నాకు ఇంకా సందేహమే. ఇంటివాళ్లని కూడా అడిగారన్నది మాత్రం పెద్ద తేడా. మిగతా పత్రికలు అది చేస్తున్నాయా?