‘భాగం హరేదవర్గాత్’: ఈ అవర్గం ఏమిటి?

ప్రశ్న:
ఆర్యభటీయం గణితపాదంలో వర్గమూలం తీసే పద్ధతి చెప్పే శ్లోకం ఇది. తెలుగు చేయబోయి మొదటి పంక్తిలోనే ఆగిపోయాను.

భాగం హరేదవర్గాన్నిత్యం ద్విగుణేన వర్గమూలేన।
వర్గాద్వర్గే శుద్ధే లబ్ధం స్థానాంతరే మూలమ్॥

‘వర్గం కానిదాన్ని వర్గమూలానికి రెట్టింపుతో భాగించాలి’ అని వస్తోంది. వర్గమే కానప్పుడు దానికి మూలమెక్కడిది? తెలిసినవారు కాస్త విడమరిచి చెప్పండి.

జవాబు:
సంధి సరిగానే విడదీశారండీ. హరేత్ + అవర్గాత్. చిక్కల్లా అవర్గమంటే సంఖ్య అనుకోవడంలో ఉంది. అది స్థానం. ఒకట్లు, వందలు, పదివేలు వర్గస్థానాలు. పదులు, వేలు అవర్గస్థానాలు. 1, 100, 10000 పూర్ణవర్గాలు, 10, 1000 కావు. ఆ లెక్కన పేర్లు అతికినట్టే ఉన్నాయి. ఇదే గ్రంథం మొదటి భాగమైన గీతికాపాదంలో, అక్షరాలతో సంఖ్యలు రాసే పద్ధతి చెప్పేచోటే ఆర్యభటుడు ఈ మాటలు వాడాడు: ‘వర్గాక్షరాణి వర్గేఽవర్గేఽవర్గాక్షరాణి’. క నుంచి మ దాకా వర్గాక్షరాలు వర్గస్థానాల్లో, య నుంచి హ దాకా అవర్గస్థానాల్లో. అక్కడా ఒకే మాటను రెండర్థాల్లో నడిపించాడు చూడండి.

మన శ్లోకంలోనూ అంతే. ‘వర్గాద్వర్గే శుద్ధే’లో మొదటి వర్గం స్థానం, రెండోది వర్గసంఖ్య. శుద్ధే అంటే తీసివేయగా. వర్గస్థానం నుంచి వర్గాన్ని తీసివేయాలన్నమాట.

54756 తీసుకుందాం. ఎడమ చివరి 5 వర్గస్థానంలో ఉంది. అందులో 2 వర్గం 4 పోతే 1. పక్కనున్న 4 దించితే 14, ఇది అవర్గం. మూలం 2కు రెట్టింపు 4తో భాగిస్తే లబ్ధం 3, శేషం 2. 7 దించితే 27, వర్గస్థానం. 3 వర్గం 9 పోతే 18. 5 దించితే 185. 23కు రెట్టింపు 46తో భాగిస్తే 4, శేషం 1. 6 దించితే 16, అందులో 4 వర్గం పోతే సున్నా. మూలం 234. వచ్చిన లబ్ధాన్ని ప్రతిసారీ మూలం పక్క స్థానంలో వేసుకుంటూ పోవడమే ‘లబ్ధం స్థానాంతరే మూలమ్’.

ఇంకో సభ్యుడు:
మాస్టారూ, బళ్లో కుడినుంచి రెండేసి అంకెల మీద గీతలు గీసి చేసేది ఇదేనా?

జవాబు:
దాదాపు అదేనండీ. పై 54756లోనే చూడండి: 5లోంచి 4 పోగా మిగిలిన 1 పక్కన బడి పద్ధతిలో 47 ఒకేసారి దించి, ఆ 147 నుంచి 43×3, అంటే 129 ఒక్కసారే తీసేస్తాం. ఇక్కడ ఆ 129ని 120గా, 9గా విడగొట్టి రెండు మెట్లలో తీస్తాడు. (a+b)² విస్తరణలో 2ab అవర్గస్థానంలో పడుతుంది, b² వర్గస్థానంలో పడుతుంది. 499 నాటి గ్రంథంలో ఇంత పనీ ఒక్క ఆర్యావృత్తంలో ఇమిడింది. నా మటుకు నాకు బడి పద్ధతి కన్నా ఇదే తేలిక, పెద్ద గుణకారాలుండవు.

ప్రశ్న అడిగినవారు:
289తో చేసి చూశాను. 18ని 2తో భాగిస్తే 9 వస్తోంది. తర్వాత 9లోంచి 81 ఎలా పోతుంది?

జవాబు:
పోదు. 8 వేసినా 29లోంచి 64 పోదు. 7 వేస్తే 18లో 14 పోగా 4, పక్కన 9 దించితే 49, సరిగ్గా 7 వర్గం. మూలం 17. లబ్ధం ఎక్కువైతే తగ్గించుకోవాలని శ్లోకం చెప్పదు, చేసేవాడికే వదిలేసింది. మీ తాత్పర్యంలో ఆ మాట విడిగా రాయండి, శ్లోకార్థంలో కలపకండి.

తర్వాతి శ్లోకం ‘అఘనాద్భజేద్ద్వితీయాత్’ ఘనమూలానిది. అక్కడ రెండు ఘనస్థానాల మధ్య అఘనస్థానాలు రెండుంటాయి. అందుకే ‘ద్వితీయాత్’ అనాల్సి వచ్చింది. అదీ తెలుగు చేసేటట్టయితే ఈసారి ఆ మాట దగ్గర ఆగరు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఇలా మార్చాను: ‘అవర్గస్థానాన్ని ప్రతిసారీ అంతవరకు వచ్చిన వర్గమూలానికి రెట్టింపుతో భాగించాలి. వర్గస్థానం నుంచి లబ్ధం వర్గాన్ని తీసివేశాక, ఆ లబ్ధమే తర్వాతి స్థానంలో మూలం.’

జవాబు:
‘లబ్ధం వర్గాన్ని’ అన్నచోట ‘లబ్ధపు వర్గాన్ని’ అంటే ఇంకా తేటగా ఉంటుంది. మిగతాదంతా బాగుంది.