తాతయ్య పోయి ఏడాది కాకముందే మ్యాచ్‌కి వెళ్లొచ్చా?

నమస్తే అండీ. మేముండేది నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో. ఆగస్టులో మా తాతయ్య పోయారు. ఇక్కడి డ్యూక్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టంటే ఆయనకు ప్రాణం. బంతిని బుట్ట వైపు వేయడానికి ఇచ్చే 30 సెకన్ల గడువు, అదే షాట్ క్లాక్, తగ్గుతుంటే కుర్చీ అంచుకు జరిగి, చేతికర్రతో నేల మీద టకటకా కొట్టేవారు. నవంబర్‌లోనే నేను ర్యాంకుల గురించి వాగితే, "ఆగరా, నాట్లు పడగానే దిగుబడి లెక్కలేంటి? జనవరిలో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు రానీ" అనేవారు (అంటే మన లీగ్‌లోని జట్లతో ఆడేవి). అదీ నిజమే, కాలేజీ జట్లకిచ్చే అధికారిక 'నెట్' (NET) ర్యాంకులు కూడా డిసెంబర్‌లో గానీ రావు.

సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్ టీవీలో పెట్టి పది నిమిషాలకే కట్టేశాను. వచ్చే వారం డ్యూక్ సొంత మైదానం కామెరాన్ స్టేడియంలో ఆటకి స్నేహితుడు రెండు టికెట్లు ఇచ్చాడు. అక్కడ 9,314 మందే పడతారు, టికెట్ దొరకడమే గగనం. అమ్మేమో "సంవత్సరీకం అయ్యేదాకా వేడుకలొద్దు" అంటోంది. నాన్న ఏమీ అనడం లేదు, అదే ఇంకా టెన్షన్.

మీలో ఎవరైనా ఏడాదిలోపు ఇలా వెళ్లారా? అమ్మకి ఎలా చెప్పారు? రెండో సీటు ఖాళీగా వదిలేయనా, నాన్నని లాక్కెళ్లనా?

ఇంకొకటి, ఆయన్ని అడగాల్సింది మిమ్మల్ని అడుగుతున్నా: నవంబర్‌లో ఫ్రెష్‌మెన్‌కి (మొదటి ఏడాది ఆటగాళ్లకి) త్రీలు, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, పడకపోతే కంగారు పడాలా?